అడిగేవాళ్ళని బట్టి

నేను ఒక టేపు రికార్డరుని. విన్నది విన్నట్టు ఒప్పజెప్పడం తప్ప మరో విద్య రాదు. అందుకేనేమో, మనుషుల్లో నాకు స్నేహితులు తక్కువ.

పుట్టింది సముద్రాల అవతల ఏదో ఫ్యాక్టరీలో. మద్రాసు రేవులో దిగి, చీరాలలో ఒక నాటకాల హార్మోనిస్టు చేతికొచ్చాను. ఆయన పద్యం పాడి, వెనక్కి తిప్పి విని, "ఇది నా గొంతు కాదు, మిషన్‌లో ఏదో దోషం ఉంది" అంటూ నన్ను రిపేరు షాపు చుట్టూ తిప్పాడు. చివరికి విసుగెత్తి అక్కడే వదిలేశాడు. ఆ షాపులోంచి నన్ను కొనుక్కెళ్ళిన మనిషి కరుణ మేడం.

గద్దల మేరీ కరుణ ఊళ్ళో కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పేది. అమెరికాలో నల్లవాళ్ళ గురించి తెల్లవాళ్ళు ఏమనుకుంటారో ఇంటింటికీ వెళ్ళి అడిగిన పరిశోధనలు చదివింది. మన దగ్గర కులం గురించి అలా అడిగితే జనం ఏం చెబుతారో తెలుసుకోవాలని ఆవిడకి పట్టుకుంది. ప్రశ్న చిన్నదే: "మీకు అస్సలు గిట్టనివాళ్ళు మీ వీధిలో సభ పెట్టుకుంటామంటే, పెట్టుకోనిస్తారా?"

మొదట బియ్యం మిల్లు కోటిరత్నం గారింటికి వెళ్ళాం. "ఈ రోజుల్లో ఇంకా కులాలేమిటమ్మా! ఎవరి మాట వాళ్ళు చెప్పుకోవచ్చు. కావాలంటే కుర్చీలు నేనే వేయిస్తా" అన్నాడాయన. మేడం మొహం వెలిగిపోయింది.

కొన్నాళ్ళకి ఆవిడకి జ్వరమొస్తే, తోటి లెక్చరరు వేదాంతం నరహరి మాస్టారు నన్ను చంకన పెట్టుకుని అదే వీధికి బయల్దేరాడు. ఏ ఇల్లు అయిందో, ఏది కాలేదో తెలియక మళ్ళీ కోటిరత్నం గారి తలుపే తట్టాడు. అదే ప్రశ్న అడిగాడు. ఈసారి కోటిరత్నం గారు గొంతు తగ్గించాడు.

"మీరు కాబట్టి చెబుతున్నా పంతులుగారూ. ఆ పేటవాళ్ళకి ఒకసారి మైకిస్తే మళ్ళీ దింపగలమా? మా వీధిలో కుదరదు."

నేను ఆయన ఎదురుగా బల్లమీదే తిరుగుతున్నాను. నన్నెవరు లెక్కచేస్తారు!

మేడం కోలుకున్నాక ఇద్దరూ స్టాఫ్ రూములో కూర్చుని రెండు క్యాసెట్లూ విన్నారు. నరహరి మాస్టారు తల దించుకున్నాడు. మేడం నన్ను ఎత్తి గోడకి కొడుతుందేమోనని భయపడ్డాను. ఆవిడ రెండో క్యాసెట్టు వెనక్కి తిప్పి, మళ్ళీ విని, "ఇందులో ఏది అబద్ధం మాస్టారూ?" అని అడిగింది.

"నాకు రెండూ నిజంలాగే వినిపిస్తున్నాయి మేడం. మీ ముందు ఒకటి, నా ముందు ఒకటి."

"అయితే ఇకనుంచి ప్రతి ఇంటికీ ఇద్దరం విడివిడిగా వెళ్దాం."

అలాగే వెళ్ళారు. నాకు వింతగా ఉండేది. ప్రశ్న అదే, మాటలూ అవే. అడిగే మొహం మారితే చాలు, ఆ గొంతులోంచే ఇంకో మనిషి పలికేవాడు.

చివరికి మేడం పుట్టిన పేటకి వెళ్ళాం. తల్లి పోయాక ఆవిడని పెంచిన పెద్దమ్మ సంతోషమ్మ అక్కడే ఉంటుంది. నరహరి మాస్టారు అడిగినప్పుడు, "అందరూ దేవుడి బిడ్డలే అయ్యా, ఎవురన్నా పెట్టుకోవచ్చు" అని చెప్పింది. మర్నాడు మేడం అడిగింది.

"ఎవురూ, ఆ పైపేటోళ్ళా? మన చర్చి ముందరా? చీపురుకట్ట తిరగేస్తా!"

"వాళ్ళూ మనలాగా ఊరవతల బతికినోళ్ళేగా పెద్దమ్మా?"

"అయితే? మనకంటే ఓ మెట్టు పైనున్నామని వాళ్ళ టెక్కు చూళ్ళేదా నువ్వు?" అంటూనే నా ఎర్రదీపం చూసి ఆగిపోయింది. "ఇదంతా ఆ పెట్టెలోకి పోయిందా? తుడిచెయ్ కరుణా. మిల్లోళ్ళు వింటే మనల్ని చూసి నవ్వరా?"

మేడం నన్ను తీసుకుని వచ్చేసింది. నరహరి మాస్టారు కూడా, "వదిలేద్దాం మేడం. ఒక్క ఇల్లు తగ్గితే కొంపలేం మునగవు" అన్నాడు. ఆవిడ వేలు నా మీట మీద చాలాసేపు ఆగింది.

"కోటిరత్నం గారి మాట ఉంచి మా పెద్దమ్మ మాట తుడిచేస్తే, దాన్ని పరిశోధన అనరు మాస్టారూ, పగ అంటారు" అని వేలు తీసేసింది.

పేర్లు రాయలేదు. మాటలు మాత్రం అన్నీ రాసింది. పుస్తకం వచ్చాక మిల్లు వీధివాళ్ళు పేట గురించిన పేజీ ఒక్కటే చదివి, "చూశారా, వాళ్ళలో వాళ్ళకే పడదు" అని సంబరపడ్డారు. తమ వీధి గురించిన పేజీలు తిప్పినట్టు లేదు. పేటలో "మన బిడ్డే మన పరువు తీసింది" అన్నారు. సంతోషమ్మ అయితే మాటలే మానేసింది. కరుణ వెళ్తే లేచి పొయ్యి దగ్గరికి పోయేది. మేడం కాసేపు అరుగుమీద కూర్చుని తిరిగొచ్చేది.

వేసవి దాటి తొలకరి పడ్డాక ఒక సాయంత్రం సంతోషమ్మ తనే మేడం ఇంటికొచ్చింది. మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

"ఆ పెట్టె తియ్యి. మళ్ళీ అడుగు."

మేడం అడిగింది. క్యాసెట్టు ఊరికే తిరుగుతోంది. ముసలామె కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"పెట్టుకోమను" అంది చివరికి. "నేను మాత్రం వినను. తలుపేసుకుంటా."

మేడం నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. "అంతే పెద్దమ్మా. అంతకన్నా నేను ఎవర్నీ అడగలా."

ఆ మాట బిడ్డ మొహం చూసి చెప్పిందో, మనసులోంచే వచ్చిందో నాకు తెలియదు. మనుషుల దగ్గర ఇన్నేళ్ళున్నా, మాట ఎక్కణ్ణుంచి వస్తుందో పసిగట్టడం నాకు పట్టుబడలేదు.

తర్వాత నా బెల్టు సాగిపోయింది. మేడం నన్ను పారెయ్యలేక పెద్దమ్మ ఇంట్లో గూట్లో పెట్టింది. మాటల్ని టేపులో పట్టుకోలేను గానీ వింటాను. ఆ ఏడే పైపేటవాళ్ళు నిజంగానే చర్చి ముందు సభ పెట్టారు. మైకులో మొదటి మాట వినపడగానే సంతోషమ్మ లేచి తలుపేసింది. కిటికీ ఒక రెక్క మూసింది. రెండో రెక్క పట్టుకుని కాసేపు నిలబడింది.

"ఉక్కగా ఉంది" అని, దాన్ని అలాగే వదిలేసి వచ్చి మంచమ్మీద కూర్చుంది.