మినిట్స్ పుస్తకంలో తెలుగు

మా కంపెనీలో మీటింగుకు ఒక పద్ధతి ఉండేది. నెలలో మొదటి శనివారం మేనేజరు రామచంద్రరావు గారు మాట్లాడేవారు, గుమాస్తా కామరాజు ఇంగ్లీషులో మినిట్స్ రాసేవాడు, మేమంతా చదవకుండా సంతకాలు పెట్టేవాళ్లం. పుస్తకం వెనకాలే మిర్చి బజ్జీల పళ్లెం వచ్చేది. చదువుతూ కూర్చుంటే బజ్జీలు చల్లారిపోవూ? ప్యాకింగ్ సూపర్‌వైజరుగా నేనూ మూడేళ్లు అలాగే పెట్టాను. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మంట.

ఇది ఎనభై తొమ్మిది నాటి సంగతి. నాచారంలో మాది మాత్రలు చేసే ఫ్యాక్టరీ. మాత్రల పొడి ఆరబెట్టే గదిలోంచి గాలిని బయటికి లాగే ఫ్యాన్ ఏప్రిల్‌లో చెడిపోయింది. ఆ గదిలో పనిచేసే కొమురెల్లి కార్మికుల తరఫున మీటింగుకు వచ్చేవాడు. మే నుంచి ప్రతి మీటింగులోనూ ఫ్యాన్ సంగతి చెబుతూనే ఉన్నాడు. జూలై చివర్లో ఒకరోజు ఘాటుకు ఊపిరాడక తలుపు తెరిచాడు. బయట ముసురు. పొడంతా చెమ్మగిల్లి పాడైపోయింది.

తలుపు తెరవడం నేరమట, కామరాజు చెప్పాడు. వచ్చే మీటింగులో ‘కార్మికుడి నిర్లక్ష్యం’ అని రాస్తారట. దాని కింద అందరి సంతకాలూ పడితే హెడ్డాఫీసు అతన్ని ఉద్యోగంలోంచి తీసేస్తుంది.

“ఎట్ల తీసేస్తరు? మే నుంచి మొత్తుకుంటనే ఉన్నడు గద! పుస్తకం తియ్యి, కామరాజన్నా” అన్నాను.

తీశాడు. మే, జూన్, జూలై పేజీలు మూడూ చదివాను. కొమురెల్లి పేరు పక్కన ‘హాజరు’ అని తప్ప ఇంకో ముక్క లేదు. ఆ మూడు పేజీల కిందా నా సంతకం మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

“అతను తెలుగులో చెప్పాడమ్మా. తెలుగులో చెప్పింది రాసే పద్ధతి లేదు” అన్నాడు కామరాజు.

సరే, ఇంగ్లీషే కదా కావాల్సింది అనుకున్నాను. ఉప్పల్‌లో మా పక్కింటి విశ్వనాథం గారు రైల్వేలో హెడ్ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. ఆయన దగ్గరికి నోటుబుక్కు పట్టుకుని వెళ్లాను.

“బాబాయిగారూ, మీటింగుల అభిప్రాయం చెప్పుడు నేర్పాలె. నాలుగు దినాలే టైమున్నది.”

“అభిప్రాయం గబుక్కున చెప్పెయ్యకూడదమ్మా గ్రేస్” అన్నారాయన కళ్లజోడు సర్దుకుంటూ. “ముందు ‘విత్ డ్యూ రెస్పెక్ట్’ అనాలి. తర్వాత ‘ఐ యామ్ అఫ్రెయిడ్’ అనాలి.”

“నాకేం భయం లేదండీ.”

“లేకపోయినా అనాలి. కాదని చెప్పడానికి ఇంగ్లీషులో అదే మర్యాద.”

నాలుగు రోజులూ పొయ్యి దగ్గర అదే, బస్సులో అదే. కళ్లు మూసుకుని గొణుక్కుంటుంటే ప్రార్థన చేసుకుంటున్నాననుకుని కండక్టరు నన్ను కదిలించకుండా దిగేదాకా ఆగి టికెట్ కొట్టాడు.

శనివారం వచ్చింది. ముందు కొమురెల్లి లేచాడు.

“సార్, ఫ్యాన్ నడుస్తలేదు. లోపల ఊపిరాడక తలుపు తెరిచిన. గంతే.”

కామరాజు పెన్ను కదల్లేదు. నేను లేచాను.

“విత్ డ్యూ రెస్పెక్ట్ సర్, ఐ యామ్ అఫ్రెయిడ్ ఐ హ్యావ్ ఎ డిఫరెంట్ ఒపీనియన్. ఇన్ మై వ్యూ, ద ఫ్యాన్ ఈజ్ ద కాజ్. నాట్ కొమురెల్లి.”

“వెరీ గుడ్! ఇంగ్లీషు బాగా ఇంప్రూవ్ చేశావు గ్రేస్!” అన్నారు రామచంద్రరావు గారు. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కూడా కొట్టారు. ఆయన తర్వాతి విషయంలోకి వెళ్లిపోయారు.

పుస్తకం వచ్చింది, వెనకాలే బజ్జీలూ వచ్చాయి. ఈసారి చదివాను. ‘శ్రీమతి గ్రేస్ తన అభిప్రాయాన్ని వెల్లడించారు’ అని ఇంగ్లీషులో ఉంది. దాని కింద, పొడి పాడవడానికి కార్మికుడి నిర్లక్ష్యమే కారణమని సభ్యులందరూ అంగీకరించారని ఉంది.

“నా అభిప్రాయం ఏందో రాయలేదేంది?”

“చెప్పారని రాశాను కదమ్మా” అన్నాడు కామరాజు.

ఒళ్లు మండిపోయింది. నాలుగు రోజులు నేర్చుకున్న మర్యాదంతా ఆ క్షణాన ఎగిరిపోయింది. పెన్ను తీసుకుని, సంతకం పెట్టాల్సిన చోట పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో రాశాను: ‘ఫ్యాన్ చెడిపోయిందని కొమురెల్లి మూడుసార్లు చెప్పాడు. తప్పు అతనిది కాదు. నేను ఒప్పుకోను.’ దాని కింద సంతకం పెట్టాను.

“ఏంటా పిచ్చి రాతలు? అది అఫీషియల్ రికార్డు!” రామచంద్రరావు గారు లేచి నిలబడ్డారు.

“అందుకే రాసిన సార్. చింపనీకి లేదు, పేజీలకు నంబర్లున్నయి.”

గదిలో ఎవరూ బజ్జీ ముట్టలేదు. కొమురెల్లి పుస్తకాన్ని తనవైపు లాక్కుని, నేను రాసింది వేలు పెట్టి చదివాడు. ఆ పుస్తకంలో అతను చదవగలిగిన మొదటి మాటలు అవే. రెండోసారి చదివి తల అడ్డంగా ఊపాడు.

“ఒక తప్పున్నదక్కా.”

“ఏం తప్పు?”

“మూడుసార్లు గాదు. ఇయ్యాల గూడ చెప్పిన గద!”

మా ఫ్యాక్టరీలో రాసినదాన్ని చెరపకూడదు. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన సంతకం పెట్టాలి. ఆ నియమం కొమురెల్లికి బాగా తెలుసు. ‘మూడు’ మీద అడ్డంగా ఒక్క గీత కొట్టి, పైన ‘నాలుగు’ అని రాసి, పక్కన తెలుగులో సంతకం పెట్టి, పుస్తకాన్ని మేనేజరు గారి ముందుకు జరిపాడు.