రెండున్నర చుట్లు

వాడి చెయ్యేమన్నా బంగారమా, వాడి పానా ఇనుముదే, తన పానా ఇనుముదే, ఇద్దరికీ పని నేర్పింది ఒక్క నాన్నే, అయినా జనమంతా తమ్ముడి షెడ్డుకే ఎందుకు ఎగబడతారో అనుకుంటూ అతను బండి పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు, అది పోయిన భార్య బండి, ఇప్పుడు కూతురు నడుపుతోంది, గేరు మార్చినప్పుడల్లా కింద ఎవరో సుత్తితో కొట్టినట్టు ఠక్కుమంటుంది, కూతురు భోజనం డబ్బా సంచిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది, నాన్నా, తొమ్మిదింటికల్లా నేను ఆఫీసులో ఉండాలి, నీ వల్ల కాకపోతే చెప్పెయ్, దారిలో బాబాయి షెడ్డు దగ్గర ఆపుకుంటా, అంది, ఎంత తేలిగ్గా అంది, దారిలో కూరగాయలు కొనుక్కుంటా అన్నంత తేలిగ్గా.

నా వల్ల కాకపోవడమేంటి, ముప్పయ్యేళ్లుగా గాడిదలు కాస్తున్నానా, అని అతను క్లచ్ నొక్కాడు, అతని చెయ్యి చేటంత, నాలుగు వేళ్లూ పడ్డాయంటే లివరు హ్యాండిలుకు అతుక్కోవాల్సిందే, గేరు కిక్కురుమనకుండా పడింది, ఇదిగో, బాగానే పడుతోంది, నీకే నడపడం రాదు, అన్నాడు, అని ఆగిపోయాడు, ఈ మాట ఇదే పీట మీద కూర్చుని ఇంకొకరితో అన్నాడు, ఆమె కూడా ఇలాగే నిలబడి, ఏమోనండీ, నా చేతికి బరువుగా ఉంది, అంది, నీకు రాదు, అన్నాడు, మర్నాడు ఆమె మరిది షెడ్డుకి వెళ్లింది.

చాటుగా వెళ్లలేదు, చెప్పే వెళ్లింది, అదే మంట, చాటుగా వెళ్తే తిట్టడానికైనా వీలుండేది, తనే చాటుగా వెనకాల వెళ్లి ఎదురు కొట్టు దగ్గర నిలబడి చూశాడు, ఆ మహానుభావుడు ముందు పానా తియ్యలేదు, చేతులు తుడుచుకున్నాడు, వదినా, ఒకసారి నువ్వు నొక్కు, నీ చెయ్యి ఎందాకా వస్తుందో చూస్తా, అన్నాడు, ఆమె నొక్కింది, లివరు సగం దాటి రాలేదు, ఇది చెయ్యా చింతాకా వదినా, అన్నాడు వెధవ, ఆమె నవ్వింది, తన ముందైతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వేది, అక్కడ హాయిగా పళ్లు కనబడేలా నవ్వింది, వాడు నట్టు తిప్పి వైరు బిగించి, సగం నొక్కితేనే క్లచ్ విడిపోయేలా చేశాడు, ఐదు నిమిషాల పని, ఇంటికొచ్చి, మరిది చెయ్యి పడ్డాక ఎంత మెత్తగా ఉందో చూడండి, అంది, మెత్తగా, ఆ మాట వారం రోజులు చెవిలో జోరీగలా తిరిగింది.

వైరు అంత బిగిస్తే క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి, నాన్న ఎప్పుడో చెప్పాడు, అందుకే, కేవలం అందుకే, ఒక మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే అతను పానా తెచ్చి ఆ నట్టును రెండున్నర చుట్లు వెనక్కి తిప్పాడు, గేరు మళ్లీ ఠక్కుమంది, ఆమె వచ్చి అడుగుతుంది, నీ మరిది పనితనం ఇంతే, చూశావా, అందామని మాట నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు, ఆమె అడగలేదు, మరిది దగ్గరికీ మళ్లీ వెళ్లలేదు, రెండేళ్లు, జ్వరం వచ్చి మంచాన పడేదాకా అదే బండి, అదే చప్పుడు, వెళ్లకపోవడమూ అతనికి ముల్లే అయింది, ఎందుకు వెళ్లదు, మొహం చూడలేనంత ఏం జరిగింది, ఏమీ లేనివాళ్లయితే వెళ్లొచ్చుగా, వెళ్తే ఒక కుళ్లు, వెళ్లకపోతే ఇంకో కుళ్లు, చివరికి ఆమె పోయిన రోజు తమ్ముడు గోడకానుకుని ఏడుస్తుంటే, అన్న పెళ్లాం కోసం అంత ఏడుపేమిట్రా అని మనసులో లెక్క కట్టినవాడు అతను.

నాన్నా, టైమవుతోంది, అంది కూతురు, అతను వైరులో నూనె పోశాడు, లివరు బోల్టు తుడిచాడు, నట్టు దగ్గరికి మాత్రం చెయ్యి పోవడం లేదు, దాన్ని ముందుకు తిప్పితే వాడి కొలతే సరైనదని ఒప్పుకున్నట్టు, చూడు ఇప్పుడు, అన్నాడు, కూతురు ఎక్కి క్లచ్ నొక్కింది, అచ్చం తల్లి చెయ్యే, సగం దాటలేదు, ఠక్, అబ్బా, ఇక లాభం లేదు, బాబాయి దగ్గరికే పోతా, అంది, పో, వెళ్లి వాడి కాళ్లమీద పడు, మీ అమ్మలాగే, అన్నాడు, నోరు జారిందని తెలిసేలోపే కూతురు దిగి స్టాండు వేసింది, అమ్మ వెళ్లొద్దంది కాబట్టే ఇన్నాళ్లూ వెళ్లలేదు నాన్నా, అంది.

ఎందుకంది, అనడిగాడు, ఇదే, ఈ మాటే, మూడేళ్లుగా వెతుకుతున్న మాట ఇప్పుడు బయటపడుతుంది, కూతురు వేలితో నట్టు చూపించింది, బాబాయి పని అయ్యాక నట్టు మీంచి పక్క ఇనుము మీదకి తెల్లరంగు గీత పెడతాడు, గీత కలిసున్నంతకాలం ఎవరూ కదపలేదని గుర్తు, ఆ మాట అమ్మకి చెప్పాడు, చూడు, సగం గీత ఇటుంది, సగం అటుంది, ఇంట్లో పానా ఎవరి దగ్గరుంటుంది నాన్నా, అంది, అమ్మ చూసిన రోజే నాతో చెప్పింది, బండి అక్కడికి తీసుకెళ్లొద్దే, బాబాయి గీత చూశాడంటే మీ నాన్న తమ్ముడి ముందు తలెత్తుకోలేడు, అంది.

అతను చూశాడు, ఎన్నిసార్లో తుడిచిన నట్టే, రంగు పెచ్చనుకున్నాడు, రాత్రిళ్లు ఆమె ఎడమ మణికట్టు పిసుక్కుంటూ కూర్చుంటే బట్టలు పిండిన నొప్పి అనుకున్నాడు, అడగలేదు, ఎందాకా వస్తుంది నీ చెయ్యి అని ఒక్కనాడు అడగలేదు, పానా కింద పెట్టి లేచాడు, తీసుకెళ్లు, బాబాయికి గీత కూడా చూపించు, నేనే తిప్పానని చెప్పు, అన్నాడు, కూతురు ఒక క్షణం అతని మొహంలోకి చూసి బండి తీసింది, సందు మలుపు తిరిగింది, తమ్ముడు ఇంకాసేపట్లో ఆ నట్టు చూస్తాడు, చూడనీ, మూడేళ్లు ఆమె మౌనాన్ని గోళ్లతో తవ్వాడు, అడుగున తమ్ముడు ఉంటాడని తవ్వాడు, ఆ చిన్న చేత్తో రోజూ ఆ బరువు నొక్కుతూ ఆమె దాచింది తమ్ముణ్ణి కాదు, తననే.