రెండడుగుల దూరం

కోడలు ఆఖరి క్యారియర్ మూత పెట్టి, పక్క కొక్కేలు నొక్కి, చెంగుతో మెడ తుడుచుకుంది. వంటింటి గుమ్మానికి అవతల కుర్చీలో కూర్చున్న అత్తగారు కూర వాసన పట్టి ఏదో అనబోయి ఊరుకుంది. ఆర్నెల్లుగా అలా ఊరుకుంటూనే ఉంది.

ఆఫీసులకు భోజనాలు పంపే ఈ పని మొదలుపెట్టింది అత్తగారే. మామగారు చనిపోయిన ఏడాది రెండు క్యారియర్లతో ఇల్లు నిలబెట్టుకుంది. కోడలు కాపురానికి వచ్చాక ఏళ్ల తరబడి ఉల్లిపాయలు తరిగింది, అంట్లు తోమింది. పొయ్యి ముందు నిలబడితే చాలు, వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి గరిటె అందుకునేది.

ఆర్నెల్ల కిందట అత్తగారు కళ్లు తిరిగి పడిపోతే, గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని పేస్‌మేకర్ పెట్టారు. జాగ్రత్తలన్నీ డాక్టరుగారిని అడిగింది కోడలే. ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల దూరంలో ఉంటే చాలు, గ్యాసుకైతే అదీ అక్కర్లేదు అన్నాడాయన. ఇంటికి వచ్చి ఆమె చెప్పింది మాత్రం, వంటింట్లో అడుగుపెట్టవద్దన్నారని. సాకుగా చూపడానికి, పాలు కాచే ఇండక్షన్ పొయ్యి మూల ఉండనే ఉంది. నాలుగు రోజులు పెద్దావిడకు విశ్రాంతి దొరుకుతుంది కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆ నాలుగు రోజులూ ఎంత హాయిగా గడిచాయంటే, తర్వాత నిజం చెప్పబుద్ధి కాలేదు. ఆ తర్వాత చెప్పే మొహం లేకపోయింది.

క్యారియర్లు వెళ్లాక ఇద్దరూ పేస్‌మేకర్ పరీక్షకని ఆసుపత్రికి వెళ్లారు. నర్సు అత్తగారి భుజం కిందున్న ఉబ్బు మీద బిళ్లలాంటిది ఆనించి, తెర మీద గీతలు చూసి, బ్యాటరీ ఇంకా చాలా ఏళ్లు వస్తుందంది.

"అది ఆగకపోతే నేను పోయేదెట్లా తల్లీ? యముడొచ్చి బ్యాటరీ అయిపోయేదాకా వాకిట్లో కూచోవాలా?"

నర్సు నవ్వి, అది గుండెను దారిలో పెట్టడానికే గాని చావును ఆపడానికి కాదంది. ఎడమ పక్కకు తిరిగి పడుకోవచ్చా, చెయ్యెత్తి తల దువ్వుకోవచ్చా అని అత్తగారు ఒక్కొక్కటే అడిగింది. అన్నిటికీ అవుననే జవాబు. చివరికి గొంతు తగ్గించింది.

"మరి వంటింట్లోకి ఎప్పుడు పోవచ్చమ్మా?"

"అయ్యో, ఎవరు వద్దన్నారండీ?"

కోడలు చేతిసంచీ జిప్పు లాగి, మళ్లీ మూసింది.

"ఎవరూ కాదులే. నాకే భయం" అంది అత్తగారు.

దారి పొడుగునా ఆవిడ ఎండ గురించే మాట్లాడింది. ఇంటికి రాగానే కోడలు వంటింటి గుమ్మానికి పక్కగా తప్పుకుని నిలబడింది. అత్తగారు అటు చూడకుండా తన గదిలోకి వెళ్లి బట్టలు సర్దుకుంది. కూతురు రమ్మంటోందని, కొన్నాళ్లు అక్కడే ఉంటానని కొడుకుతో చెప్పింది. ఇంత హఠాత్తుగా ఏమిటని అతను గొణిగాడు గాని, బస్టాండుకు తీసుకెళ్లడానికి ఆటో పిలిచాడు.

"అత్తయ్యా, ఆ రోజు డాక్టరుగారు..." అంది కోడలు, సంచీ అందిస్తూ.

"బస్సుకు వేళవుతోందే. నువ్వు వేళకింత తిను."

కోడలు ఆటో మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికి వచ్చి అత్తగారి పక్క దులిపింది. దిండు కింద ఒక మసిగుడ్డ ఉంది. పాత నూలుచీర చింపి, వేడిగిన్నె చేతిని కాల్చకుండా నాలుగు మడతలు వేసి, పొయ్యి పక్క మేకుకు తగిలించేందుకు మూలన ఉంగరంలా చిన్న పట్టీ కుట్టిన కొత్త మసిగుడ్డ. దాని మీద ఎక్కడా ఒక్క మరక లేదు.