కొసరు ముక్కనే, అయితే ఏం?

నేను ఒక ఆటముక్కను. మీ ఇంట్లో ఉండే పేకలోని దాన్ని కాను. రాజు, రాణి, జాకీల వంశంలో నాకు చుట్టాలెవరూ లేరు. నా పేరు కాకెంగిలి. విని మూతి తిప్పుకునేవాళ్ళు ఇప్పుడే తిప్పుకోవచ్చు, నాకు అలవాటే. ఆ మధ్య నలుగురు మనుషులు బల్ల చుట్టూ చేరి, నేను ఉండాలా పోవాలా అని తెగ వాదించుకున్నారు. అందరూ మాట్లాడారు గానీ నన్ను ఒక్కరూ అడగలేదు. అందుకే ఇప్పుడు నేనే చెబుతున్నాను.

నేను కాకినాడలో ఒక అచ్చాఫీసులో పుట్టాను. ఎవరివో శుభలేఖలు అచ్చేస్తుంటే పెళ్ళికొడుకు పేరు ఉండాల్సిన చోట అతని తండ్రి పేరు పడింది. ఆడపెళ్ళివారు చూసి లబోదిబోమన్నారు. కట్టలకు కట్టలు చెత్తలోకి పోతుంటే, అక్కడ శుభలేఖలకు బొమ్మలు, అక్షరాలు కూర్చే నూకరత్నం అడ్డం పడింది. "అట్ట లక్షణంగా ఉంది, ఎందుకండీ పారేయడం" అని ఒక కట్ట ఇంటికి పట్టుకుపోయింది. ఆ అట్టను కత్తిరించి, ఖాళీ వైపు బొమ్మలు వేసి మమ్మల్ని తయారుచేసింది. మిగతా వాటి వీపుల మీద బంగారు రంగు పూలతీగ పడింది. నా వీపు మీద మాత్రం ఒక అరటిచెట్టు మూల వచ్చి పడింది. దాంతో నేను ఎవరి చేతిలో ఉన్నా వెనకనుంచే అందరికీ తెలిసిపోతాను. దాక్కోవడం నా జాతకంలో లేదు.

మా ఆట పేరు 'తీర్థం'. గోదావరి వైపు జాతరను తీర్థం అంటారు. ఆడేవాళ్ళు తలా కొన్ని దుకాణాలు పరిచి జనాన్ని లాగాలి. రంగులరాట్నం, జీళ్ళ కొట్టు, గారడీ, మోటారుసైకిలు తిరిగే మృత్యుబావి, ఇవన్నీ దుకాణాలే. దొంగ, గాలివాన లాంటి ముక్కలు వాటిని పాడుచేస్తాయి. చివరికి ఎవరి దగ్గర ఎక్కువ జనం ఉంటే వాళ్ళు గెలిచినట్టు. ఆటకు ముందు ముక్కలు ఏరుకోవడం ఉంటుంది. తలా ఒక పొట్లం విప్పి, నచ్చిన ముక్క ఒకటి ఉంచుకుని, మిగతావి కుడిపక్క వాళ్ళకు ఇస్తారు. అలా తిరగ్గా తిరగ్గా పొట్లంలో ఆఖరున ఒక ముక్క మిగులుతుంది. ఎవరికీ అక్కర్లేనిది. దాన్ని కొసరు అంటారు.

ఆ కొసరును నేనే. ప్రతిసారీ నేనే. రంగులరాట్నం కోసం ఎగబడేవాళ్ళు, నా అరటిచెట్టు మూల కనబడగానే వేడి గిన్నె పట్టుకున్నట్టు పక్కకు తోసేసేవాళ్ళు.

ఇంతకీ నేను చేసే పనేమిటో చెప్పాలి కదా. పిల్లల చేతిలో ఒక్క జామకాయే ఉంటుంది. కోయడానికి చాకు ఉండదు. కొరికి ఇస్తే ఎంగిలి. అప్పుడు చొక్కా అంచో గౌను అంచో కాయ మీద కప్పి, గుడ్డ పైనుంచి కటుక్కున కొరుకుతారు. పళ్ళు గుడ్డకు తగిలాయి గానీ కాయకు తగల్లేదు, కాబట్టి అది ఎంగిలి కాదు, కాకెంగిలి. ఆ న్యాయం ఏ కోర్టులో నిలుస్తుందో నాకు తెలియదు గానీ ఇసుకలో ఆడుకునే పిల్లల దగ్గర ఎప్పుడూ నిలిచింది. ఇందులో కాకి చేసిందేమీ లేదు, దానికి దక్కిందీ లేదు. అందుకే నా బొమ్మలో జామకాయ పంచుకుంటున్న ఇద్దరు ఆడపిల్లల వెనక గోడ మీద ఒక కాకి కోపంగా కూర్చుని ఉంటుంది.

ఆ ఇద్దరిలో ఒకతె నూకరత్నమే. బళ్ళో ఆమె పక్కన కూర్చునే పిల్లకు, రత్నం చేతి తిండి ముట్టుకోవద్దని ఇంట్లో కట్టడి చేశారు. ఎందుకో మీకు తెలుసు, నాకూ తెలుసు. ఆ పిల్ల ఏం చేసిందంటే, రత్నం జామకాయ మీద తన గౌను అంచు కప్పి కొరికింది. "ఎంగిలి కాదుగా, కాకెంగిలేగా" అని నమిలి మింగింది. పెద్దవాళ్ళు పేర్చిపెట్టిన గోడకు అంత చిన్న గుడ్డముక్క చాలింది. రత్నం అది మరిచిపోలేదు.

'తీర్థం'లో బొమ్మలన్నీ రత్నమే వేసింది. కానీ ఊహలు మాత్రం వేరేవాళ్ళవి. ఆమె స్వయంగా ఊహించి పెట్టిన ముక్క నేనొక్కతెనే. నేను పోతే పెట్టె మీద ఆమె పేరు 'బొమ్మలు' అన్న మాట పక్కన మాత్రమే ఉంటుంది. ఆ పేరు ఆట కట్టినవాళ్ళ వరసలో ఉండాలని ఆమెకు ఎంత ఆశో, నన్ను గీసిన చెయ్యికీ నాకూ తెలుసు.

ఆటను మొదట తలపెట్టినవాడు ఫణీంద్ర. తండ్రి రైల్వే ఉద్యోగం వల్ల నాగపూరులో పెరిగి, చదువుకోడానికి ఇక్కడికి వచ్చి ఇక్కడే కంప్యూటరు ఉద్యోగంలో స్థిరపడ్డాడు. తెలివైనవాడు, మంచివాడు, కానీ ఎవరినీ ఏదీ అడగని మనిషి. సందులో దారి తప్పితే ఫోనులో పటం చూస్తూ అదే సందు చుట్టూ ప్రదక్షిణం చేస్తాడు తప్ప, ఎదురుగా ఉన్న కిళ్ళీకొట్టు ఆసామిని అడగడు. ముక్కల బలాబలాలన్నీ కంప్యూటరులో లెక్క కట్టేది ఆయనే.

అచ్చుకు ఇచ్చే ముందు చూస్తే, అచ్చు షీటులో పట్టేదానికన్నా ఒక ముక్క ఎక్కువైంది. ఒకటి పోవాలి. ఆదివారం మధ్యాహ్నం అచ్చాఫీసు మేడ మీద నలుగురూ కూర్చున్నారు. ఫణీంద్ర, రత్నం కాక, మందుల షాపు అబ్బులు, బళ్ళో డ్రిల్లు నేర్పే దావీదు మాస్టారు. ఫణీంద్ర నన్ను తీసి బల్ల మధ్య పడేశాడు.

"ఇది తీసేద్దాం. ఎప్పుడూ ఎవరూ ఏరుకోలేదు. లెక్క వేసినా సున్నాయే వస్తోంది. ఎవడైనా తన దుకాణం తానే మూసేసుకోడానికి ఒప్పుకుంటాడా?"

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.

"మూసేయడం ఏంటి?" అంది రత్నం.

"నువ్వే రాశావుగా." ఫణీంద్ర నన్ను తిప్పి చదివాడు. "'పక్కవారి దుకాణం మీద గుడ్డ కప్పు. ముందు, కాకెంగిలి చేద్దామా అని పైకి అడుగు. ఊ అంటేనే చెల్లుతుంది.' గుడ్డ కప్పడమంటే దుకాణం కట్టేయడమే కదా. తీర్థంలో అలాగే కప్పుతారు."

"మరి కాకెంగిలంటే ఏటనుకున్నావ్?" అన్నాడు అబ్బులు.

"కాకి తిని వదిలేసింది. పనికిరానిది."

అబ్బులు నవ్వు కింద మిషన్లకు వినపడి ఉంటుంది. మాస్టారు మర్యాద కోసం దగ్గారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ నన్ను తూచిన తక్కెడలో ఉన్నది నేను కాదన్నమాట! ఆ మాటకు అర్థం ఏమిటని పక్కనున్న మనిషిని ఒక్కసారి అడిగితే పోయేది. అడగకుండా, లేని ముక్కకు లెక్క కట్టి, ఉన్న ముక్కకు ఉరి వేయబోయాడు.

రత్నం జామకాయ సంగతి చెప్పింది. గుడ్డ కింద ఉన్న దుకాణం జనం ఇద్దరికీ పూర్తిగా లెక్కకు వస్తారని, మూడోవాడి చెయ్యి దాని మీద పడదని చెప్పింది. ఫణీంద్ర చెవులు ఎర్రబడ్డాయి. అయినా పట్టు వదలలేదు.

"సరే, నాకు తెలియలేదు. కానీ పోటీలో ఎవరు పంచుకుంటారు? ఎవరూ ఊ అనరు."

"అయితే ఆడదాం," అంది రత్నం. "ఒక్క ఆట. దీనివల్ల ఏం కాకపోతే నేనే చింపేస్తాను."

ఆ మాట విని నా అంచులు బిగుసుకున్నాయి. కన్నతల్లి అనాల్సిన మాటేనా అది!

ముక్కలు ఏరుకోవడం మొదలైంది. నేను అబ్బులు చేతికి వచ్చాను, తోసేశాడు. రత్నం దగ్గరికి వచ్చాను. ఆమె నన్ను చూసింది, ఆ బొమ్మలోని గౌను అంచును బొటనవేలితో ఒకసారి తాకింది, తీసుకోకుండా పక్కకు ఇచ్చేసింది. తన ముక్కను తనే ఏరుకుంటే రేపు ఎవరైనా ఏమైనా అనవచ్చని ఆమె భయం. నాకు అర్థమైంది, అయినా కోపం వచ్చింది. తిరిగి తిరిగి, చివరికి కొసరుగా ఎవరికి చిక్కానో తెలుసా? ఫణీంద్రకే.

ఆట సాగింది. ఫణీంద్ర దుకాణాలు రెండు దొంగ పాలయ్యాయి, అతను అందరికన్నా వెనకబడ్డాడు. అతని కుడిపక్క మాస్టారి మృత్యుబావికి జనం విరగబడుతున్నారు. జనం లెక్కలో ఆ తర్వాత అబ్బులు. అబ్బులు దగ్గర గాలివాన ఉందని అందరికీ తెలుసు, ఎందుకంటే మంచి ముక్క వస్తే అతను ఈల వేయకుండా ఉండలేడు. తన వంతు రాగానే మృత్యుబావిని ఊడ్చేస్తే గెలుపు అతనిదే. ఆఖరి చుట్టులో ముందు వంతు ఫణీంద్రది. అతని చేతిలో మిగిలింది నేనొక్కతెనే. నా అరటిచెట్టు అందరికీ కనబడుతూనే ఉంది.

ఎంతసేపు కూర్చున్నాడో! నన్ను వేయడం కష్టం కాదు. పైకి అడగడం కష్టం. నోరు తెరిచాడు, మూశాడు. చివరికి నేల చూపులు చూస్తూ అన్నాడు.

"మాస్టారూ... కాకెంగిలి చేద్దామా?"

"ఒప్పుకోకండి మాస్టారూ!" అని అబ్బులు కేక పెట్టాడు. "నెత్తికెక్కించుకోవడవే అవుద్ది!"

మాస్టారు అబ్బులు చేతిలో గాలివాన వైపు చూశారు, ఫణీంద్ర మొహం చూశారు. పరుగుపందెంలో వెనకబడిన పిల్లాణ్ణి చూసినట్టు చూశారు.

"ఆయ్," అన్నారు.

"చెల్లదు! ముక్క మీద ఊ అనుంది. ఆయ్ అంటే చెల్లదు!"

"ఓరి నీ అసాధ్యం కూలా, ఆయ్ కన్నా గట్టి ఊ ఎక్కడుందిరా ఈ జిల్లాలో!" అన్నారు మాస్టారు.

నన్ను మృత్యుబావి మీద పరిచారు. పుట్టి ఇన్నాళ్ళకు మొదటిసారి ఒక బల్ల మీద నాకంటూ చోటు దొరికింది. గాలివాన వచ్చింది, నా అంచు దాకా వచ్చి ఆగిపోయింది. మాస్టారు గెలిచారు. ఆఖరున ఉన్న ఫణీంద్ర రెండో స్థానానికి ఎగబాకాడు. అందరికన్నా వెనక రత్నం ఉంది. ఆమె తన దుకాణాలకేసి చూడనే లేదు.

ఇక గొడవ తీరిపోయిందని మీరు అనుకుంటారు. మీకు మనుషులు తెలియదు. ఫణీంద్ర గడ్డం గోక్కుని ఏమన్నాడంటే, "కొసరుగా వచ్చిన ముక్క ఇంత పని చేయకూడదు. బలం మరీ ఎక్కువైంది. తీసేయాలి."

రత్నం లేచి నిలబడింది.

"ఇందాక బలం లేదని తీసేస్తానన్నావు. ఇప్పుడు బలం ఉందని తీసేస్తానంటున్నావు. లేకపోతే తప్పు, ఉంటే తప్పు. అసలు నీ బాధేంటో చెప్పు."

ఫణీంద్ర నన్ను వేలితో బల్ల మీద అటూ ఇటూ జరిపాడు.

"అడగాల్సొచ్చింది," అన్నాడు ఫణీంద్ర. గొంతు చిన్నదైపోయింది. "మాస్టారు కాదంటే ఏం చేయాలో తెలియలేదు. నాకు... భయమేసింది."

ఎవరూ నవ్వలేదు. అబ్బులు కూడా. ఫణీంద్ర ముక్కలన్నీ తిరగేసి, తాను ఊహించిన 'లెక్కల పంతులు'ను తీసి పక్కన పెట్టాడు. షీటు సరిపోయింది. అయితే నా మీద అర్థం తెలిసేలా రెండు మాటలు రాయాలి, తెలియనివాళ్ళు ఎలా ఆడతారు అన్నాడు.

"రాయను," అంది రత్నం. "తెలియనివాళ్ళు పక్కవాళ్ళని అడుగుతారు. ముక్క చేసే పనే అది."

ఇప్పుడు 'తీర్థం' పెట్టెల్లో నా పోలికతో నున్నటి అచ్చు ముక్కలు ఊళ్ళు తిరుగుతున్నాయి. పెట్టె మీద ఆట కట్టినవాళ్ళ వరసలో నూకరత్నం పేరు ఉంది. చేత్తో చేసిన అసలుదాన్ని నేను మాత్రం అచ్చాఫీసులో ఆమె బల్ల అద్దం కింద, మాదిరి శుభలేఖల మధ్య ఉన్నాను. లేత గులాబీ రంగు శుభలేఖలు నన్ను చూసి ముక్కు విరుస్తాయి. విరవనీ. పెళ్ళివారు వచ్చి "ఈ కాకి బొమ్మ కార్డు ఎంతండీ?" అని అడుగుతారు. అమ్మకానికి కాదంటే, అదేమిటని అడుగుతారు. రత్నం చెబుతుంది. తెలిసినవాళ్ళు నవ్వుతారు, తెలియనివాళ్ళు ఒక క్షణం ఆగి తమ పక్కనున్న మనిషి వైపు చూస్తారు.

ఎప్పుడో ఒకరోజు మళ్ళీ ఎవరో కొత్త లెక్కతో వస్తారు. ఎవరూ ఏరుకోవడం లేదంటారు, ఈ పేరేమిటంటారు, తీసేద్దామంటారు. రానివ్వండి. నన్ను తీసేయాలంటే ముందు నన్ను అడగాలి, అదీ పైకి అడగాలి. ఊ అంటేనే చెల్లుతుంది.

నేను అనను.