కుక్కర్ల మీద వేసిన ముద్ర

నేను ఒక ఇత్తడి ముద్రను. కంచరి సూరాచారి నన్ను పోత పోసి, నా ముఖం మీద అక్షరాలు తిరగేసి చెక్కాడు. తిరగేసి చెక్కితే గానీ సర్కారు పేరు సూటిగా పడదట! అక్కణ్ణుంచి ఎన్నికల తనిఖీ బృందానికి చేరాను. కరిగిన లక్క మీద నన్ను నొక్కారంటే ఆ మూటను ఇక ఎవరూ విప్పలేదని అర్థం. మనుషులు ఒకరి మాట ఒకరు నమ్మరు గానీ నా మాట నమ్ముతారు. అందుకు నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

నన్ను వాడడానికి ఒక నియమం ఉంది. సరుకు దొరికిన చోటే, సాక్షుల కళ్ళెదుటే వెయ్యాలి.

మునిసిపల్ ఎన్నికలప్పుడు ఇడ్లీబండి గంగారత్నం మా ఆఫీసుకు వచ్చింది. కౌన్సిలరుగా నిలబడ్డ వెంకటపతి ఓటర్లకు కుక్కర్లు పంచుతున్నాడని చెప్పింది. ఆమె బండి పెట్టుకునేది అతని ఇంటి ముందే. "రేపు నా బండి లేపించేత్తే మీదే పూచీ అయ్యగారూ" అంటూనే గోదాము చూపించింది, సాక్షిగానూ నిలబడింది. మా అధికారి సుదర్శనం గారు కుక్కర్ల మూటలు పట్టుకుని, ఆమె చూస్తుండగానే నన్ను సంచీలోంచి బయటికి తీశారు. ఎండ మాడ్చేస్తోంది, గాలికి అగ్గిపుల్ల నిలవడం లేదు. "ఆఫీసులో వేసుకుందాం లెండి, ఎక్కడ వేస్తే ఏముంది!" అన్నారు. ఫ్యాను కింద, ఒక్క సాక్షి లేకుండా నన్ను నొక్కేసి, గోదాము దగ్గరే వేసినట్టు రాసుకున్నారు. ఆ లక్క మీద అంత అందంగా పడినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

వెంకటపతి గెలిచాడు. కోర్టులో అతని వకీలు మూట చూపించి, "ఈ సీలు నీ ఎదురుగానే వేశారామ్మా?" అని అడిగాడు. అవునను తల్లీ అన్నట్టు చూశారు సుదర్శనం గారు.

"లేదండి. మూటలు జీపులో పడేసుకుని ఎల్లిపోయారండి."

దొరికిన కుక్కర్లు ఇవేనని నమ్మేదెలాగన్నారు జడ్జిగారు. కేసు కొట్టేశారు. బయటికొచ్చాక సుదర్శనం గారు విసుక్కున్నారు. "ఒక్క అవును అంటే నీ సొమ్మేం పోయింది?"

"పెమాణం చేసి అబద్ధం ఎలా ఆడతానండీ? ఆ సీలేదో మీరే అక్కడ ఎయ్యాల్సింది బాబూ."

ఆయన తల వంచుకున్నారు. సంచీలో నేనూ ఎవరికీ కనబడకుండా ఉండాలనుకున్నాను. వారం తిరక్కుండా ఆమె బండిని ఆ వీధిలోంచి లేపించేశారు. పూచీ పడ్డవాళ్ళెవరూ అటు రాలేదు. బస్టాండు వెనక, మురిక్కాలవ పక్కన మళ్ళీ పొయ్యి వెలిగించుకుంది.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. కొత్త అధికారి నియమాలన్నీ కంఠతా పట్టిన మనిషి. నన్ను తెచ్చి గంగారత్నం బండి మీద పెట్టి, "ఇక్కడ చీరలు పంచుతున్నారటమ్మా, చూశావా? ఈసారి నీ ఎదుటే సీలు వేస్తాం" అన్నారు. చీరల మూటలు దింపిన కుర్రాళ్ళు అప్పుడే ఆమె దగ్గర ఇడ్లీ తిని, చేతులు కడుక్కుని వెళ్ళారు.

గంగారత్నం నన్ను పరకాయించి చూసింది. గుర్తుపట్టింది.

"నేనేం చూళ్ళేదండి" అంది.

కోర్టులో ఆడనన్న అబద్ధం, నా ముఖం చూసి ఆడింది.