మూడు భాషల్లో గాలి

మంజూరైందని రహీమ్ ఫోన్ చేసినప్పుడు జాయ్సీ స్టాఫ్‌రూమ్ కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆ మాట వినగానే ఆమె భుజాలు కిందికి జారాయి. ఇన్నాళ్ళూ వాటిని పైకి బిగించి ఉంచుకున్నానని ఆమెకు అప్పుడే తెలిసింది. భారం దిగాక గానీ మోస్తున్నామని తెలియదు కాబోలు అనుకుంది.

జాయ్సీ నరసాపురం మనిషి. కువైట్‌లోని ఫర్వానియాలో ఒక ఇండియన్ స్కూల్లో కౌన్సిలర్. పిల్లలు ఏడిస్తే ఆమె గదికి పంపుతారు. ఏడవని వాళ్ళను ఆమే వెతుక్కుంటుంది. ఒక్కతే అందరికీ చాలదు. వైద్యం తెలిసిన సైకాలజిస్టు ఒకరు స్కూలుకే వచ్చి చూడాలి. దానికయ్యే డబ్బు స్కూలు ఇవ్వలేనంటుంది, తల్లిదండ్రులు మేమివ్వలేమంటారు. కానీ ఇక్కడున్న ప్రతి కుటుంబమూ ఏటా ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, పొడిగించుకునేటప్పుడు ఆరోగ్య బీమా కడుతూనే ఉంది. జ్వరానికీ, విరిగిన చేతికీ పనికొచ్చే ఆ బీమా పిల్లల మనసుకు ఎందుకు పనికిరాదని జాయ్సీ అడగడం మొదలుపెట్టింది. అడగ్గా అడగ్గా, చివరికి బీమా ఆఫీసులో ఒక డాక్టరు ఒప్పుకుంది. ముందు ఒక పిల్ల సంగతి పంపండి, అది మాకు సబబనిపిస్తే స్కూలంతటికీ సైకాలజిస్టు ఖర్చు మేమే భరిస్తాం అంది.

ఆ ఒక పిల్ల తొమ్మిదో తరగతి సత్యదుర్గ. హాజరు పిలుస్తుంటే తన పేరు దగ్గర పడేకొద్దీ ఊపిరాడదు. చేతులు చల్లబడతాయి. పేరు దాటాక ఏమీ ఉండదు. ఈమధ్య మెట్ల దగ్గరే కూర్చుండిపోతోంది.

"మంజూరైంది మేడం," అన్నాడు రహీమ్ మళ్ళీ. అతను స్కూలు కాగితాలు ప్రభుత్వ ఆఫీసులకు తిప్పే మందూబ్, బీహార్ మనిషి. చాలా ఏళ్ళుగా తెలుగువాళ్ళ మధ్య ఉండి వాళ్ళ భాష కొంత పట్టుకున్నాడు. "ఛాతీ విభాగానికి."

"దేనికి?"

"ఛాతీకి మేడం. ముందు ఎక్స్‌రే. తర్వాత డాక్టర్ చూస్తాడు."

ఏం జరిగిందో అతన్ని అడిగి ఒక్కొక్కటిగా రాబట్టాల్సి వచ్చింది. బీమా డాక్టరు పిల్ల తల్లితో మాట్లాడాలంది. ఆ రోజు జాయ్సీకి పరీక్షల డ్యూటీ పడింది. తల్లి నాగేశ్వరిని రహీమ్ వెంట పంపుతూ, "ఇంట్లో ఎలా చెప్పుకుంటారో అలాగే చెప్పండి, భయపడకండి," అంది. మనిషి బాధను ఆ మనిషి మాటలోనే విను, నీ మాట దాని మీద పెట్టకు అన్నది జాయ్సీ తన వృత్తిలో ఎప్పుడూ వదలని సూత్రం. నాగేశ్వరి ఇంట్లో చెప్పుకున్నట్టే చెప్పింది. పిల్లకు గాలి సోకింది. సాల్మియా సముద్రం ఒడ్డున సందెవేళ జుట్టు విరబోసుకుని తిరిగింది, అప్పట్నించే ఇది. రహీమ్‌కు అర్థమయ్యేలా ఆ ముక్క హిందీలోకి మార్చింది, హవా లగ్‌గయా అని. రహీమ్ దాన్ని అరబీలో చెప్పాడు. అరబీలోనూ అది హవాయే. చల్లగాలి తగిలింది, ఊపిరాడటం లేదు. డాక్టరు ఛాతీ అని రాసింది.

"నేను తప్పు చెప్పలేదు మేడం," అన్నాడు రహీమ్. "మీ గాలీ, మా హవా, వాళ్ళ హవా. పేర్లు ఒకటే, జబ్బులు అలగ్ అలగ్. నాకేం తెలుసు?"

మర్నాడు పొద్దున్నే నాగేశ్వరి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"పిల్ల టీసీ ఇప్పించండి టీచర్‌గారండీ. అమలాపురం పంపించేస్తాం. నేనూ ఎల్లిపోతానండి దాంతోపాటు."

"ఎందుకండీ? ఏమైంది?"

"ఎక్స్‌రే అంటున్నారు కదండీ. మా ఆయన గ్యారేజీలో చిన్నపుల్లయ్యని ఉండేవోడండి, అర్దియాలో. మెడికల్లో ఊపిరితిత్తి మీద మచ్చుందని అన్‌ఫిట్ కొట్టి పంపేశారు. దగ్గు కూడా లేదండి ఆడికి. ఇప్పుడు దీనికి మచ్చంటే మా ముగ్గురి ఇఖామాలూ ఖలాస్. మా ఆయనైతే రాత్రి అన్నం కూడా ముట్టుకోలేదండి. నిన్నెవరు చెప్పమన్నారే గాలీ గీలీ అని ఒకటే తిట్లు."

"మీ ఏడుకొండలు గారు తిట్టారా?"

"తిట్టక ముద్దులెడతాడాండీ?"

జాయ్సీకి నవ్వు రాబోయి ఆగింది. ఇఖామా కోసం వచ్చిన ప్రతి మనిషీ చొక్కా విప్పి ఆ యంత్రానికి ఛాతీ ఆనించి నిలబడ్డవాడే. ఆ కాసేపట్లో మనిషికి తన శరీరం మీద నమ్మకం పోతుంది, లోపల తనకు తెలియకుండా ఏదో ఉండొచ్చనిపిస్తుంది. ఆ తల్లి భయానికీ పిల్ల భయానికీ పెద్ద తేడా లేదు. ఇద్దరికీ తమ పేరు పిలుస్తారనే భయం.

"నాగేశ్వరి గారూ, ఒక్కసారి అందరం వెళ్దాం. పిల్లని కూడా తీసుకురండి. అక్కడ పని జరక్కపోతే టీసీ నేనే దగ్గరుండి ఇప్పిస్తాను."

"మాటేనాండీ?"

"మాటే."

కువైట్ సిటీలో ఆ ఆఫీసు చల్లగా ఉంది. డాక్టరు నల్ల అబాయా వేసుకున్న నడివయసు మనిషి, మాట మెత్తన. జాయ్సీతో ఇంగ్లీషులో, ఈ తల్లి హవా అన్నది దేన్ని అని అడిగింది.

ఏ మాట చెప్పాలా అని జాయ్సీ లెక్కేసుకుంది. దయ్యమని చెబితే అది బీమా పరిధిలోకి రాదు, తల్లి మూఢురాలవుతుంది. తన వృత్తిలో వాడే రుగ్మత పేరు చెబితే పని అయిపోతుంది. కానీ ఆ పేరు ఇంగ్లీషులో అన్నా నాగేశ్వరి చెవిన పడుతుంది. ఆస్పత్రి పేరులా వినిపిస్తుంది, వెంటనే మరో అన్‌ఫిట్ గుర్తొస్తుంది. పైగా గాలి అన్న మాటలో ఒక దయ ఉంది. తప్పు పిల్లది కాదు, బయటినుంచి ఏదో వచ్చి తగిలింది, వచ్చింది పోతుంది. జాయ్సీ చదువుకున్న పేర్లన్నీ బాధను పిల్ల లోపలే పెట్టి తాళం వేస్తాయి. ఆ రెంటికీ మధ్య సరైన మాట ఆమెకు ఏ భాషలోనూ దొరకలేదు.

డాక్టరు ఇక ఆమెను వదిలేసి పిల్ల వైపు తిరిగింది. "షిఫీచ్?" అంది. ఏమైందమ్మా అన్నట్టు.

సత్యదుర్గ గోడవైపు చూసింది. చేతులు ఒడిలో ముడుచుకుంది. జాయ్సీకి ఆ చేతులు తెలుసు, ఇప్పుడు చల్లబడుతుంటాయి. తల్లి ఏదో అనబోతే రహీమ్ వద్దన్నట్టు చెయ్యి చూపాడు. తర్వాత ఆ పిల్ల, స్కూల్లో నేర్చుకున్న అరబీకి ఎదురింటి పిల్లల అరబీ కలిపి, బల్లతో చెబుతున్నట్టు అంది.

"మూ హవా. ఖౌఫ్."

గాలి కాదు, భయం.

ఆ రెండో మాట రహీమ్‌కు ఉర్దూలో తెలుసు. నాగేశ్వరికి బజారు హిందీలో తెలుసు. డాక్టరుకైతే సొంత మాటే.

"భయమా?" అంది నాగేశ్వరి. "దేనికే?"

"తెలీదమ్మా."

"తెలీకుండా భయమేటే?"

"అదే కదా," అంది పిల్ల, కాస్త విసుగ్గా.

డాక్టరుకు తెలుగు రాదు. అయినా ఆ విసుగు అర్థమైనట్టు నవ్వింది. కంప్యూటర్లో ఛాతీ అన్నది కొట్టివేసి, మళ్ళీ రాసింది. సైకాలజిస్టు వారానికొకసారి స్కూలుకు వస్తుందనీ, ఈ పిల్లతో మొదలుపెట్టి ఎవరికి అవసరమైతే వాళ్ళకనీ జాయ్సీతో చెప్పింది. ఇది స్కూలు ఫైలనీ, ఇఖామా మెడికల్‌తో దీనికి సంబంధం లేదనీ అరబీలో రెండుసార్లు చెప్పి, రహీమ్ చేత హిందీలో తల్లికి చెప్పించింది.

నాగేశ్వరి రహీమ్‌ను నమ్మలేదు. నేరుగా డాక్టరు మొహంలోకి చూసి అడిగింది.

"ఎక్స్‌రే ఖలాస్?"

"ఖలాస్," అంది డాక్టరు.

అప్పుడు నాగేశ్వరి కుర్చీలో వెనక్కి ఆనుకుంది. వచ్చినప్పట్నించీ అంచు మీదే కూర్చుని ఉంది. కొంగుతో మొహం తుడుచుకుని, ఉన్నట్టుండి ఆకలేస్తోందంది. బయటికొచ్చాక నలుగురూ మంత్రిత్వ శాఖల వీధిలో ఒక బండి దగ్గర ఫలాఫిల్ వడలు తిన్నారు. నాగేశ్వరి మొగుడికి ఫోన్ చేసి, "ఏటీ లేదంట, అన్నం తిను," అని పెట్టేసింది. సంతోషం కన్నా ఈ వదులు మెరుగనిపించింది జాయ్సీకి. సంతోషానికి ఏదో ఒకటి జరగాలి. దీనికి భయపడ్డది జరక్కపోతే చాలు.

సైకాలజిస్టు మొదటిసారి వచ్చింది మంగళవారం. మలయాళీ ఆవిడ. జాయ్సీ తన గదే ఖాళీ చేసి ఇచ్చింది. నాగేశ్వరి వరండాలో టిఫిన్ సంచీ పట్టుకుని నిలబడింది. కాసేపటికి తలుపు తెరుచుకుని సత్యదుర్గ వచ్చింది.

"ఏం చెప్పావే?"

"ఏం చెప్పలేదు."

"ఆవిడేం అడిగింది?"

"ఏం అడగలేదు. బొమ్మలేసుకున్నాం."

నాగేశ్వరి జాయ్సీ దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "ఏం అడక్కపోతే మరెందుకండీ ఆ ఇన్సూరెన్సోళ్ళు డబ్బులిచ్చేది? బొమ్మలు మా ఇంట్లో కూడా ఏస్తదండి."

"మీ ఇంట్లో మీరు పక్కనుంటారు కదండీ."

"ఉంటే?"

జాయ్సీ కన్నా ముందే పిల్ల అందుకుంది.

"మళ్ళీ వారం రమ్మంది. వెళ్తా."

"ఎల్తావా?"

"ఆఁ."

నాగేశ్వరి పిల్ల మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత టిఫిన్ సంచీ చేతికిచ్చింది.

"అయితే ఎల్లు. చల్లారిపోద్ది, ముందిది తిను."