ఇద్దరూ ఔట్

వీరరాఘవరావుగారితో పడ్డన్ని తగువులు నేను మా ఆయనతో కూడా పడలేదు. అన్నీ ఆ బేస్‌బాల్ అట్టపెట్టె గురించే. ముసఫా ఫ్యాక్టరీల్లో ఆయనతో పనిచేసిన అమెరికా ఇంజినీరు ఒకాయన వెళ్లిపోతూ ఇచ్చిన ఆట అది. మైదానం బొమ్మ గీసిన అట్ట, ఆటగాళ్ల కార్డులు, రెండు పాచికలు. పరుగెత్తే మనుషుల బిళ్లలు ఎప్పుడో పోతే చొక్కా గుండీలు పెట్టుకున్నాం. ఈ అరబ్బు దేశంలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని ఆ ఇంట్లో ఆయన్ని చూసుకోవడం నా పని. మందులు, స్నానం, సాయంత్రం టీ, ఆ తర్వాత ఈ యుద్ధం.

"యల్లా రత్నమ్మా, పాచికలు తియ్," అని అరబ్బీ మాట కలిపి తొందరపెట్టేవారు.

కార్డులో 'ఫీల్డర్స్ ఛాయిస్' వచ్చిందంటే చాలు, ఇద్దరికీ పూనకమే. అంటే బంతి నేలమీద దొర్లుతూ ఫీల్డర్ చేతికొచ్చింది. కొట్టినవాడూ, అప్పటికే ముందున్నవాడూ ఇద్దరూ పరుగెడుతున్నారు. వాళ్లలో ఒక్కణ్ణే ఔట్ చెయ్యాలి. ఎవర్నన్నది ఆటతో వచ్చిన రూళ్ల పుస్తకంలో రాయలేదట.

"ముందున్నవాడే ఔట్. కొట్టినవాడు బతికిపోతాడు," అనేవారాయన.

"ఇదేం న్యాయమండీ బాబూ! కొట్టింది ఈడు, సచ్చేది ఆడా?"

"నీ మొహం! రూలు అది. ఖలాస్!"

ముందున్న నా గుండీ తీసేసేవారు. నేను టీ కప్పులు సింకులో ఠపీమని పడేసేదాన్ని. ఆయన పడీపడీ నవ్వేవారు.

రంజాన్ నెలలో ఆయనకు మతిమరుపు ముదిరింది. తల తడి ఆరకముందే మళ్లీ స్నానం చేయించమనేవారు. ఒకరోజు కూతురు వైదేహి ఆఫీసు నుంచి వస్తూనే నన్ను వంటింట్లోకి పిలిచింది.

"నాన్నని వైజాగ్‌లో వృద్ధుల హోమ్‌లో చేర్పించడమే మంచిదంటున్నారు డాక్టర్‌గారు. నాన్నతో కూడా చెప్పాను. అప్పుడు మీ వీసా కూడా క్యాన్సిల్ చెయ్యాల్సొస్తుంది నాగరత్నమ్మగారూ. ఇవాళ పక్కన కూర్చుని చూస్తాను. ఆటైనా గుర్తుంటే ఇంకొన్నాళ్లు ఆగుదాం."

వీసా కోసం భయపడ్డానా అంటే పడ్డాను. ఆ మనిషిని ముక్కూమొహం తెలియనివాళ్ల చేతుల్లో పెడతారంటే ఇంకా ఏడుపొచ్చింది.

వైదేహికి ఆ ఆటలో ఓనమాలు కూడా రావు. మా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. కాసేపు బాగానే నడిచింది. తర్వాత నేను పాచికలు వేస్తే, ఆయన కార్డు చూసి "ఫీల్డర్స్ ఛాయిస్" అని చదివారు. అట్టమీది గుండీల్ని ఒక్కొక్కటీ వేలితో తాకి చూశారు. చివరికి నా గుండీలు రెండూ తీసేశారు.

అరుపు నోటిదాకా వచ్చింది. వైదేహి చూస్తోంది. మింగేశాను.

"కరెక్టేనండీ," అన్నాను.

"నాన్న బాగానే ఆడుతున్నారే!" అంటూ వైదేహి నా భుజం తట్టింది. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

ఆయన మాత్రం పాచికలు ముట్టుకోలేదు. అరచేతిలోని గుండీలనీ, నా మొహాన్నీ మార్చి మార్చి చూశారు.

"నీ మనుషులిద్దర్నీ తీసేశాను. ఊరుకున్నావేం?"

"రూలే కదండీ..."

"ఏనాడైనా ఊరుకున్నావా నువ్వు?"

అప్పుడు అరిచాను. "తప్పేనండీ! ఒక్కడే ఔట్! రెండోవోణ్ణి అక్కడెట్టండి, ఎలా తీత్తారో నేనూ చూత్తాను!" తగువుకి బదులు ఏడుపొచ్చేసింది.

ఆయన గుండీలు రెండూ నా చేతిలో పెట్టి, కూతురి వైపు తిరిగారు.

"ఆ వైజాగ్ వాళ్లకి ఫోన్ చెయ్యమ్మా. రత్నమ్మ కూడా నన్ను చూసి జాలిపడుతోంది."